కిరాయి యింటి ఆదాయ వ్యయములు
(షోలాపురంలో మన సంఘపు ఉగాది సభయందు చేసిన ప్రసంగము)



నేను ఉపన్యాసకుణ్ణి కాను. మెట్రిక్ పాసై రైల్వేలో గుమాస్తాగా చేరినవాణ్ణి. పగలు ఆఫీసు ఫైళ్లు, రాత్రి యింటి లెక్కలు, యింతే నా చదువు. మన కార్యదర్శిగారు వచ్చి సభలో వొక అరగంట మాట్లాడవలెనని అడిగినప్పుడు, "నాకేమి వచ్చునండీ?" అన్నాను. "సాహిత్యం చెప్పేవారు వున్నారు, ధర్మం చెప్పేవారు వున్నారు. కిరాయి కోసమని రెండో యిల్లు కొని నువ్వు తిన్న దెబ్బలు చెప్పు. మనవాళ్లు చాలామంది ఆ దారినే బయలుదేరుతున్నారు" అన్నారాయన. కాబట్టి దెబ్బలు చెప్పడానికే నిలబడినాను. నవ్వదలచినవారు నవ్వవచ్చును. లెక్కలు మాత్రం గుర్తుంచుకోవలెనని మనవి.

యిప్పుడే పంతులుగారు పంచాంగం చదివినారు. యే రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అన్న దగ్గర మనమందరం చెవులు నిక్కించి విన్నాము. ఆదాయం రెండు, వ్యయం పద్నాలుగు అనేసరికి నా పక్కనున్న పెద్దమనిషి నిట్టూర్చినాడు. నాకప్పుడు తోచిందేమిటంటే, రాశికి వున్నట్టే కొన్న యింటికి కూడ ఆదాయ వ్యయాలు వుంటవి. రాశివి పంతులుగారు సంవత్సరం మొదటనే చదివి వినిపిస్తారు. యింటివి యెవ్వరూ చదివి వినిపించరు. అమ్మేవాడు ఆదాయం వొక్కటే చెప్తాడు. వ్యయం సంగతి మనం డబ్బు కట్టిన తరువాత వొక్కొక్కటిగా తెలిసివస్తుంది.

మన సంగతి మీకు తెలియనిది కాదు. యీ వూళ్లో మొదటి నూలుమిల్లు 1877లో నడవడం మొదలైన తరువాత, తెలంగాణపు పల్లెలనుండి మగ్గం తెలిసిన మనవాళ్లు తండోపతండాలుగా యిక్కడికి వచ్చినారు. వొక్కొక్క వాడాలో వొక్కొక్క గదిలో పదేసిమంది బ్రతికినారు. మా తాత అట్లానే వచ్చినాడు. మనలో యెవరింటి చరిత్ర తిరగవేసినా మొదటి పుటలో వుండేది కిరాయి గదే. అందుకే మనకు యిల్లంటే అంత ఆశ. వొక యిల్లు కట్టుకున్నవాడు రెండోది కొని కిరాయికి యిద్దామని చూస్తాడు. ముసలితనంలో నెలనెలా చేతికి డబ్బు వస్తుంది, కొడుకుల ముందు చెయ్యి చాపే పని వుండదు అనుకుంటాడు. ఆశ మంచిదే. ఆ ఆశతోనే నేనూ కొన్నాను.

2018లో మా నాయన చద్దర్ల కార్ఖానానుండి దిగిపోయినాడు. వచ్చిన ప్రావిడెంటు ఫండు, నేను దాచుకున్నది కలిపి నాలుగు లక్షలైంది. వొక హౌసింగు సొసైటీలో వొక పడకగది, హాలు, వంటగది వున్న పాత ఫ్లాటు పదహారు లక్షలకు బేరం కుదిరింది. పన్నెండు లక్షలు బ్యాంకు అప్పు. నూటికి యెనిమిదిన్నర వడ్డీ, పదిహేనేండ్ల గడువు, నెలకు పదకొండువేల యెనిమిది వందల కిస్తు. ఆ యింటికి కిరాయి ఆరువేలు వస్తుందని దళారి చెప్పినాడు. నేను వొక పాత క్యాలెండరు వెనుక లెక్క వేసుకున్నాను. కిస్తు 11,800, కిరాయి 6,000. నా జేబునుండి పడేది నెలకు 5,800. జీతంలోనుండి అంత తీయగలను. పదిహేనేండ్లకు యిల్లు నాది. యింత తేలిక పని యిన్నాళ్లు యెందుకు చేయలేదా అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆ క్యాలెండరు కాగితం యిప్పటికీ నా దగ్గర వున్నది. దానిలో వున్న అంకెలు తప్పు కావు. లేని అంకెలే నన్ను ముంచినవి.

మొదట కొనేటప్పటి ఖర్చులు చెప్తాను. పదహారు లక్షల యిల్లు పదహారు లక్షలకు రాదు. స్టాంపు, రిజిస్ట్రేషను రెండూ కలిపి 1,12,000. దళారికి నూటికి రూపాయి చొప్పున 16,000. బ్యాంకువారి ఫీజు, కాగితాలు పరీక్షించిన వకీలు ఫీజు 11,000. సొసైటీలో షేరు నా పేర మార్చడానికి 10,000. యివి ముందుగా అడిగివుంటే యెవరైనా చెప్పేవారు, నేను అడగలేదు. తరువాత వచ్చినవి నిజంగా అనుకోనివి. అమ్మినాయన సొసైటీకి కట్టక మిగిల్చిన మెయింటెనెన్సు బాకీ 14,000. కార్పొరేషనుకు కట్టని యింటిపన్ను 9,000. "బాకీ యింటిదండీ, మనిషిది కాదు" అన్నారు సొసైటీవారు. ఆయన అప్పటికే డబ్బు తీసుకొని వేరే వూరికి పోయినాడు. తాళం తీసి లోపలికి పోతే స్నానాలగది గోడ చెమ్మ, పాతబడిన కరెంటు తీగలు, పగిలిన నీళ్ల ట్యాంకు. వాటికీ, రంగుకూ కలిపి 48,000.

మొత్తం కూడితే 2,20,000. పదహారు లక్షల యిల్లు పద్దెనిమిది లక్షల యిరవై వేలకు పడింది. యీ రెండు లక్షల చిల్లర నా నాలుగు లక్షలలో లేదు. లక్ష రూపాయలు ఉద్యోగుల పరపతి సంఘంలో అప్పు తీసినాను. మిగిలినదానికి నా భార్య గొలుసు, గాజులు కుదువకు పోయినవి. ఆమె వొక్కమాట అనలేదు. ఆ సంవత్సరం సంక్రాంతికి పుట్టింటికి మాత్రం పోనన్నది.

కొనబోయేవారికి మొదటి మాట యిదే. బేరం ధరమీద నూటికి పన్నెండు నుండి పదిహేను రూపాయలు వేరుగా చేతిలో పెట్టుకొని అప్పుడు బేరానికి కూర్చోండి. నాకు నూటికి పదమూడు, పద్నాలుగు మధ్య పడింది. సొసైటీ వద్ద "బాకీ లేదు" అని రాసిన పత్రం, కార్పొరేషను పన్ను రసీదు, కరెంటు ఆఖరి బిల్లు, యీ మూడూ రిజిస్ట్రేషనుకు ముందే అమ్మేవాని చేత తెప్పించండి. బాకీ వుంటే ధరలో తగ్గించి యివ్వండి. కట్టుబడిలో వున్న కొత్త ఫ్లాటు కొనేవారికి యింకొక లెక్క వున్నది. 1 ఏప్రిల్ 2019 నుండి దానిమీద జీఎస్టీ నూటికి అయిదు, చవక యిండ్ల కోవకు చెందితే వొకటి. పూర్తయినట్లు పత్రం వచ్చిన తరువాత కొంటే ఆ పన్ను లేదు. మన రాష్ట్రంలో 2021 నుండి స్త్రీ పేరుమీద నివాసగృహం కొంటే స్టాంపులో నూటికి రూపాయి తగ్గింపు కూడ వున్నది. గొలుసు యెట్లాగూ ఆమెదే పోతున్నప్పుడు, కాగితమైనా ఆమె పేర వుండడం న్యాయం కదా!

రైల్వేలోను, యితర సర్కారు కొలువులలోను వున్న సోదరులకు యింకొక మాట. 1966 నాటి రైల్వే ఉద్యోగుల ప్రవర్తనా నియమాల ప్రకారం స్థిరాస్తి కొనేముందు మన పైఅధికారులకు తెలియజేయవలెను. అది వొక కాగితం పని, కష్టం లేదు. మరచితే మాత్రం తరువాత సంజాయిషీ రాసుకుంటూ కూర్చోవలసి వస్తుంది. నేను యీ వొక్కటి మాత్రం సరిగా చేసినాను. కాగితాల మధ్య బ్రతికేవాణ్ణి కాబట్టి అలవాటుగా చేసినాను.

యిక యేటి ఖర్చులు. సంవత్సరానికి పన్నెండు నెలలు అని బడిలో నేర్పినారు. కిరాయి యింటికి పన్నెండు నెలలు వుండవు. నా యిల్లు మొదటి సంవత్సరం రెండు నెలలు ఖాళీగా వున్నది. 72,000 అనుకున్నది 60,000 అయింది. అందులోనుండి పోయినవి వినండి. కిరాయిదారుని తెచ్చిన దళారికి వొక నెల కిరాయి, 6,000. సొసైటీ మెయింటెనెన్సు నెలకు 700 చొప్పున 8,400. సొంతదారు వుండక కిరాయికి యిచ్చినందుకు సొసైటీ వేసే రుసుము 600. యింటిపన్ను 5,200. మోటారు కాలిపోయి వొకసారి, పైకప్పు కారి వొకసారి, మరమ్మతు 7,800. మొత్తం 28,000. చేతిలో మిగిలింది 32,000.

పద్దెనిమిది లక్షల యిరవై వేలు పెట్టినదానికి యేటికి ముప్పై రెండు వేలంటే, నూటికి రూపాయి ముప్పావు. ఆ రోజులలో బ్యాంకులో వూరకే పెట్టినా నూటికి ఆరున్నర ప్రాంతం వచ్చేది. బ్యాంకు కిస్తులు యేటికి 1,41,600. అందులో 32,000 తీసివేస్తే నా జేబునుండి పడింది 1,09,600. నెలకు తొమ్మిది వేల పైచిలుకు. క్యాలెండరు వెనుక రాసుకున్న 5,800 యెక్కడ, యీ తొమ్మిది వేలెక్కడ? తేడా నెలకు మూడువేల మూడు వందలు. గుమాస్తా జీతంలో అది పిల్లల ఫీజు.

సొసైటీ రుసుము మాట వచ్చింది గనుక చెప్తాను. కొన్ని సొసైటీలు కిరాయికి యిచ్చినవారి వద్ద యిష్టం వచ్చినంత వసూలు చేస్తవి. మహారాష్ట్ర ప్రభుత్వం 2001 ఆగస్టులో దీనికి హద్దు పెట్టింది. సర్వీసు ఛార్జీలలో నూటికి పదికి మించి తీసుకోరాదు. మెయింటెనెన్సు బిల్లు మొత్తంమీద పది కాదు, అందులో సర్వీసు ఛార్జీల పద్దుమీద మాత్రమే పది. బిల్లు పద్దులవారీగా అడిగి చూడండి. దానిలో మరమ్మతు నిధి, సింకింగు ఫండు అని రెండు పద్దులు కూడ కనబడుతవి. వాటిని చూచి కోపగించుకోకండి. పాతబడే యింటికి అవే రేపటి మందు. అవి వసూలు చేయని సొసైటీలో యిల్లు కొంటే, పదేండ్లకు వొకసారి పైకప్పు కారినప్పుడు ఆ మొత్తం వొక్కసారిగా మన నెత్తిన పడుతుంది.

మన వూరి నీళ్ల సంగతి వేరే చెప్పవలెనా? ఉజని నీళ్లు నాలుగైదు రోజులకు వొకసారి వచ్చిన కాలమంతా మనం చూచినవాళ్లమే. కిరాయికి వచ్చేవాడు గోడల రంగు చూచే ముందు ట్యాంకు యెంత పెద్దది, మోటారు యెవరిది అని అడుగుతాడు. నీళ్లు నిలువ వుంచే యేర్పాటు లేని యిల్లు చవకగా దొరుకుతుంది, కాని మార్చి నెలలో ఖాళీ అవుతుంది. కాబట్టి యిల్లు చూడడానికి వేసవిలో పోండి, వొకసారి వర్షాకాలంలో పోండి. వేసవిలో నీళ్లు తెలుస్తవి, వానలో పైకప్పు తెలుస్తుంది.

ఆదాయపు పన్ను సంగతి రెండు మాటలలో చెప్తాను. వచ్చిన కిరాయిలోనుండి మనం ఆ సంవత్సరం కట్టిన యింటిపన్ను తీసివేయవలెను. మిగిలినదానిలో నూటికి ముప్పై, మనం మరమ్మతు చేసినా చేయకపోయినా, మినహాయింపు యిస్తారు. అందుకే సొసైటీ ఖర్చు, రంగు ఖర్చు వేరుగా చూపడానికి లేదు. ఆ తరువాత అప్పుమీద వడ్డీ తీసివేయవచ్చును. నా యింటికి మొదటి సంవత్సరం వడ్డీయే లక్ష దాటింది కాబట్టి లెక్కలో నష్టం తేలింది. పాత పన్ను విధానంలో ఆ నష్టాన్ని రెండు లక్షలదాకా జీతంలోనుండి తగ్గించుకోవచ్చును. 2023-24 సంవత్సరం నుండి, మనం పాతదే కావాలని కోరకపోతే, అందరికీ కొత్త విధానమే వర్తిస్తున్నది. అందులో ఆ నష్టాన్ని జీతంలోనుండి తగ్గించడానికి వీలులేదు. "రెండో యిల్లు కొను, పన్ను మిగులుతుంది" అని యెవరైనా చెప్తే, యే విధానంలో అని అడగండి. కిరాయి దాచిపెట్టే ఆలోచన మాత్రం వద్దు. కిరాయిదారు తన ఆఫీసులో యింటి అద్దె భత్యం కోసం మన పేరు చూపిన రోజున అది బయటపడుతుంది.

యిప్పటిదాకా చెప్పినవి డబ్బు తప్పులు. యిక చెప్పబోయేది నేను చేసిన అసలు తప్పు. యిది చెప్పాలా వద్దా అని రెండు రాత్రులు ఆలోచించినాను. మా నాయన యీ సభలోనే ముందు వరుసలో కూర్చున్నాడు. ఆయనే చెప్పమన్నాడు.

నా మొదటి కిరాయిదారు మనవాడే. తువ్వాళ్ల కార్ఖానాలో పని. భార్య బీడీలు చేస్తుంది. యిద్దరు పిల్లలు. "మనవాడే కదా, కాగితమెందుకు?" అనుకున్నాము. డిపాజిటుగా యిరవై అయిదు వేలు యిచ్చినాడు. ఆ డబ్బు చేతికి వచ్చిన వారంలోనే రంగు వేసినవాడి బాకీ తీర్చినాను. డిపాజిటు అంటే నా డబ్బు కాదు, నా దగ్గర దాచిన అతని డబ్బు అన్న సంగతి నాకు తట్టనేలేదు.

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌను వచ్చింది. కార్ఖానాలు మూతపడినవి, బీడీ ఆకు పంపకం ఆగింది. మార్చి కిరాయి వచ్చింది. ఏప్రిల్ రాలేదు, మే రాలేదు, జూన్ రాలేదు. నా బ్యాంకు కిస్తు మాత్రం వున్నది. ఆగస్టు వరకు కిస్తులు ఆపుకోవచ్చునని రిజర్వు బ్యాంకు వీలు కల్పించింది నిజమే, కాని వడ్డీ ఆగలేదు. అది అసలులోకి చేరుతూ పోయింది. జూన్ చివర అతను వచ్చి, "అన్నా, డిపాజిటులోనుంచి మూడు నెలలు పట్టుకో" అన్నాడు. న్యాయమైన మాట. ఆ డబ్బు బ్యాంకులో వుండివుంటే తీసి కిస్తుకు కట్టేవాణ్ణి, యిద్దరమూ నిలబడేవాళ్లం. కాని అది నా దగ్గర లేదు. రంగుగా మారి అతను వుంటున్న యింటి గోడలమీదనే వున్నది!

ఆ మాట వొప్పుకోవడానికి నాకు నోరు రాలేదు. సిగ్గు కోపంగా మారింది. "డిపాజిటు సంగతి యిల్లు ఖాళీ చేసినప్పటిది, కిరాయి సంగతి యిప్పటిది" అన్నాను. యింకా కిందికి దిగజారి, "నీళ్ల వాల్వు కట్టేస్తాను" అన్నాను. అతని పెద్దకూతురు తలుపు పక్కన నిలబడి వింటున్నది. అతను యేమీ అనకుండా లేచిపోయినాడు.

కిరాయిదారునికి నీళ్లు, కరెంటు ఆపడం చట్టప్రకారం నేరమని నాకు తరువాత తెలిసింది. కాని ఆ రాత్రి మా నాయన చట్టం చెప్పలేదు. ఆయన చెప్పింది వేరు. "మిల్లు మూతపడి మీ తాతకు నెలల తరబడి జీతం రానప్పుడు మేము ఆరుగురం ఆ గదిలోనే వున్నాము. వాడా యజమాని మరాఠీ ఆయన. మన భాష కాడు, మన కులం కాడు. వాకిట్లోకి వచ్చి, రాసుకుంటాను, పని దొరికినాక యిద్దువు అన్నాడు. ఆ బాకీ తీర్చడానికి రెండేండ్లు పట్టింది. ఆయన ఆనాడు తాళం వేసివుంటే మనం తిరిగి వూరికి పోయేవాళ్లం. నువ్వు యీ కొలువూ చేసేవాడివి కావు, ఆ యిల్లూ కొనేవాడివి కావు." అంతే చెప్పి పడుకున్నాడు. నాకు నిద్ర పట్టలేదు.

మరునాడు సాయంకాలం నాయనను వెంటబెట్టుకొని పోయినాను. డిపాజిటు ఖర్చు పెట్టుకున్నానని నిజం చెప్పినాను. కార్ఖానా తెరిచేదాకా సగం కిరాయి, పాత బాకీ తరువాత నెలకు వెయ్యి చొప్పున అని కాగితం మీద రాసుకున్నాము. అతను ఆ బాకీ పైసలతో సహా తీర్చినాడు. 2022లో సొంత గూడు చూచుకొని ఖాళీ చేసినప్పుడు, అతని యిరవై అయిదు వేలు తిరిగి యివ్వడానికి నేను మళ్లీ పరపతి సంఘంలో అప్పు చేసినాను. అతను నాకు బాకీ పడినాడని ఆనాడు కేకలు వేసినాను గాని, మొదటినుండీ అతనికి బాకీ వున్నవాణ్ణి నేనే. యిప్పుడు మేము పండుగలకు పలకరించుకుంటాము. కాని ఆ ఆడపిల్ల నన్ను చూస్తే యిప్పటికీ తల పక్కకు తిప్పుకుంటుంది. నా లెక్కలన్నిటిలో యీ వొక్క ఖర్చు యింకా తీరలేదు.

యిందులోనుండి నేర్చుకున్నవి చెప్పి ముగిస్తాను.

డిపాజిటు తీసుకున్న రోజే వేరే ఖాతాలో వెయ్యండి. దాన్ని ముట్టుకోకండి. అది మనది కాదు.

మనవాడైనా, పరాయివాడైనా కరారు రాయించి రిజిస్ట్రేషను చేయించండి. పదకొండు నెలల కరారుకు రిజిస్ట్రేషను అక్కరలేదని మనవాళ్లలో గట్టి నమ్మకం వున్నది. సంవత్సరానికి మించిన లీజుకే రిజిస్ట్రేషను తప్పనిసరి అన్న 1908 నాటి చట్టంనుండి వచ్చిన అలవాటు అది. మహారాష్ట్రలో 1999 కిరాయి నియంత్రణ చట్టం ప్రకారం యెన్ని నెలలదైనా సరే, కరారు రాతపూర్వకంగా వుండి రిజిస్టరు కావలెను. ఆ బాధ్యత యజమానిది. చేయకపోతే మూడు నెలలదాకా ఖైదో, అయిదువేలదాకా జుర్మానాయో, రెండూనో పడవచ్చును. తగాదా వస్తే షరతుల విషయంలో కిరాయిదారు చెప్పిన మాటే, తప్పని రుజువయ్యేదాకా, చెల్లుతుంది. ఆరువేల కిరాయి యింటికి పదకొండు నెలల లీవ్ అండ్ లైసెన్సు కరారుకు స్టాంపు రెండు వందల లోపు, రిజిస్ట్రేషను ఫీజు వెయ్యి. ఆ పన్నెండు వందలు మిగుల్చుకుందామని నేను మూడేండ్లు చట్టం తప్పినాను. మద్రాసు వైపు వున్న మన బంధువులకు కూడ చెప్పండి. తమిళనాడులో 2017లో చేసిన చట్టం ప్రకారం అక్కడ కూడ కిరాయి వొప్పందం రాసుకొని నమోదు చేయించవలెను.

కాగితం అపనమ్మకానికి గుర్తు కాదు. కాగితం వుంటే కిరాయిదారుకు కూడ ధైర్యం. యెన్నాళ్లు వుండవచ్చునో, యెంత పెంచుతారో, డిపాజిటు యెప్పుడు తిరిగి వస్తుందో అతనికీ తెలుస్తుంది. యెవరు యే మరమ్మతు చేయించవలెనో అందులోనే రాయండి. కరెంటు బిల్లు ప్రతి నెలా మనమే ఫోనులో చూచుకోవలెను. నా రెండో కిరాయిదారు రెండు నెలల బిల్లు 3,400 మిగిల్చి పోయినాడు. మీటరు నా పేర వున్నది, కాబట్టి నేనే కట్టినాను. కొత్తగా వచ్చేవారి వివరాలు పోలీసుస్టేషనులో యివ్వవలసిన వూళ్లలో మొదటి వారంలోనే యివ్వండి.

లెక్క వేసేటప్పుడు సంవత్సరానికి పది నెలలే అనుకోండి. ఆ పది నెలల కిరాయిలో కూడ మూడో వంతుకు తక్కువ కాకుండా ఖర్చుకు విడిచిపెట్టండి. నాకు మొదటి యేడు దాదాపు సగం పోయింది. మిగిలినదానితోను, మీ జీతంతోను కిస్తు కట్టగలిగితేనే సంతకం పెట్టండి. ఆరు నెలల కిస్తు చేతిలో లేనివాడు యజమాని కాగూడదు. యెందుకంటే అవతలివాడికి కష్టం వచ్చినప్పుడు అట్టివాడు మనిషిగా వుండలేడు. యిది నేను యెవరిమీదనో అంటున్న మాట కాదు.

"అయితే నువ్వు ఆ యిల్లు అమ్మివేసినావా?" అని అడుగుతారు. అమ్మలేదు. యిప్పుడు కిరాయి యెనిమిదివేల అయిదు వందలు వస్తున్నది. అప్పు కొంత తీరింది. 2023లో నా భార్య గొలుసు, గాజులు యింటికి వచ్చినవి. యిల్లు కొన్నందుకు నేను పశ్చాత్తాపపడడం లేదు. లెక్క వేయకుండా కొన్నందుకు పడుతున్నాను. ముసలితనానికి ఆసరా కావాలనుకునేవారు బ్యాంకు డిపాజిటు, పోస్టాఫీసు పొదుపు పక్కన పెట్టి యీ యింటి లెక్కను పోల్చి చూడండి. అవి రాత్రి పన్నెండు గంటలకు ఫోను చేసి "మోటారు తిరగడం లేదు" అనవు. యిల్లు అంటుంది. కిరాయి యిల్లు వడ్డీ తెచ్చిపెట్టే కాగితం కాదు. అది రెండో సంసారం. దానిని నడపగల వోపిక వున్నవారే చేతులు పెట్టవలెను.

తాతల కాలంలో మనం కిరాయి గదులలో వున్నాము. యిప్పుడు మన చేతిలో తాళంచెవులు వున్నవి. తాళంచెవి చేతిలోకి వచ్చిన రోజున తలుపు అవతల నిలబడిన కాలం మరచిపోకుండా వుంటే, మన యిండ్లలో వుండేవారికీ, మనకూ మేలు జరుగుతుంది. యీ సంవత్సరం పంచాంగంలో మీ రాశికి వ్యయం యెంత వున్నా, మీ యింటి వ్యయం మీరు ముందుగా తెలుసుకొని వుండవలెనని కోరుతున్నాను.